కోటి చేతికొస్తే నిశ్చింతేనా?

ప్రశ్న: నా వయసు 48. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల కంపెనీలో 2006 నుంచి క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. 58కి రిటైర్మెంటు. చేతికొచ్చే జీతం 72 వేలు. నా భార్యకు 44, గృహిణి. పాప ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఫీజు కాక ఇంటి ఖర్చు నెలకు 40 వేలు, పాప ఖర్చు తీసేస్తే 35 వేలు. మా ఆవిడ 2013 నుంచి పద్దులు రాస్తోంది, అప్పట్లో నెలకు 17 వేలు అయ్యేది. పీఎఫ్‌లో 18 లక్షలు, ఎఫ్‌డీలు 12 లక్షలు ఉన్నాయి. నెలకు పదివేల చీటీ ఒకటి నడుస్తోంది, వచ్చే ఏడాదితో అయిపోయి 5 లక్షలు వస్తాయి. ఎల్ఐసీ పాలసీలు, సదాశివపేట దగ్గర 150 గజాల ప్లాటు ఉన్నాయి. ప్లాటు కాక పదేళ్లకు పీఎఫ్ 57, ఎఫ్‌డీలు 23, పాలసీలు 8, చీటీలు 12 లక్షలు, మొత్తం కోటి అవుతుందని లెక్క వేసుకున్నాను. దాన్ని బ్యాంకులో వేస్తే 7 శాతం చొప్పున నెలకు 58 వేలు వడ్డీ వస్తుంది. మా ఖర్చు 35 వేలే కదా, నిశ్చింతగా ఉండొచ్చా? ఒక మిత్రుడు బ్యాంకు వద్దు, రెండు రూపాయల వడ్డీకి తిప్పమంటున్నాడు. ఏం చేయమంటారు?

– పేరు వద్దన్న పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: రిటైరైన మొదటి ఏడాది నిశ్చింతగానే ఉంటారు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది మీ ఆవిడ పద్దు పుస్తకం. 17 వేలు 13 ఏళ్లలో 40 వేలైందంటే ఏటా 7 శాతం దగ్గర పెరిగినట్టు. ప్రభుత్వ వినియోగ ధరల సూచీ 2012ను 100గా తీసుకుంటే 2025 చివరికి 197 దగ్గరకు చేరింది, అంటే ఏటా 5 శాతం పైచిలుకు. రెంటికీ తేడా ఎందుకంటే మీ పెరుగుదలంతా ధరలది కాదు. అప్పుడు పాప ప్రైమరీ స్కూల్లో ఉంది, ఇప్పుడు కాలేజీలో ఉంది. అప్పుడు ఇంట్లో లేని వస్తువులు ఇప్పుడు నాలుగైనా ఉండి ఉంటాయి. మరోవైపు, సూచీ దేశంలోని సగటు ఇంటిది. అందులో వైద్యానికి ఇచ్చిన వాటా 6 శాతం దగ్గరే. అరవై దాటిన ఇంట్లో మందుల షాపు బిల్లు అంత చిన్నగా ఉండదు. ఈ రెండూ చూసుకుని మీ ఇంటికి 6 శాతం వేస్తున్నాను.

2025 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 0.25 శాతమేనని పేపర్లలో వచ్చినప్పుడు, ఇక ధరల భయం పోయిందని చాలామంది రాశారు. ధరలన్నీ తగ్గాయని దానర్థం కాదు. అంతకుముందు ఏడాది అదే నెలలో కూరగాయలు మండిపోయాయి, వాటితో పోల్చేసరికి తేడా చిన్నదిగా కనిపించింది. కేంద్ర ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకు పెట్టిన లక్ష్యమే 4 శాతం, అటూఇటూ 2 శాతం. ధరలు ఏటా పెరుగుతాయన్నది వాళ్ల ప్రణాళికలోనే ఉంది. మనం రెండు మూడు నెలల అంకె చూసి ముప్పై ఏళ్ల లెక్క వేయకూడదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. ఈనాటి 35 వేల ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే, పదేళ్లకు 62,700 అవుతుంది. మీకొచ్చే వడ్డీ 58 వేలు. దానికి పీఎఫ్ వాళ్ల పింఛను కలుస్తుంది. ఈపీఎస్ అనే ఆ పింఛను పథకం లెక్కలో మీ జీతం ఎంతున్నా పరిమితి 15 వేలే, 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకైతే 6,500. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. మీ ముప్పై ఏళ్ల సర్వీసుకు నెలకు ఆరు వేలకు అటూఇటూ వస్తుంది. ఆ పరిమితి పెంచుతారన్న మాట వినిపిస్తోంది. పెంచాక లెక్కలోకి తీసుకుందాం. 58 వేలు, 6 వేలు కలిపితే 64 వేలు. ఖర్చు 62,700. అంటే మొదటి ఏడాది అణా పైసలతో సరిపోతుంది. అసలు ముట్టుకోలేదు, వడ్డీతోనే గడిచిపోతోందన్న ధీమా వస్తుంది.

అయితే ఆ 64 వేలు అక్కడే ఆగిపోతాయి. ఎఫ్‌డీ వడ్డీ పెరగదు, ఈపీఎస్ పింఛనూ ధరల వెంట పెరగదు. ఖర్చు ఆగదు. మీ 63వ ఏట అది నెలకు 84 వేలు, 68వ ఏట లక్షా 12 వేలు, 73వ ఏట లక్షన్నర. రెండో ఏడాదే కొద్దిగా అసలు తీయాల్సి వస్తుంది, మూడో ఏడాది ఇంకాస్త. తీసిన కొద్దీ వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గిన కొద్దీ మరింత తీయాలి. ఏడాదికేడాది కాగితం మీద వేసి చూశాను. మొదటి అయిదేళ్లలో కోటిలో ఏడెనిమిది లక్షలే తరుగుతుంది, అప్పటికీ ప్రమాదం కనిపించదు. పదేళ్లకు 65 లక్షలు మిగులుతుంది. తర్వాతి అయిదేళ్లలో ఆ 65 లక్షలూ ఖాళీ. అప్పటికి మీకు 73, మీ ఆవిడకు 69. ఈ లెక్కలో పన్ను వేయలేదు, ఒక్క ఆపరేషను కూడా వేయలేదు.

మీరే కాదు, వడ్డీ మీద బతుకుదామనుకునే ప్రతి ఇల్లూ ఇక్కడే తప్పటడుగు వేస్తుంది. కోటి మీద వచ్చే 7 లక్షల్లో 6 లక్షలు మీ రాబడి కానే కాదు. ఆ ఏడాది కోటి కోల్పోయిన కొనుగోలు శక్తిని పూడ్చడానికి అవి అసలులోనే కలవాలి. నిజంగా మిగిలేది లక్ష. ఏడు లక్షలూ ఖర్చు పెట్టేస్తే, పాసుబుక్కులో కోటి అలాగే కనబడుతూ లోపల అసలు కరిగిపోతుంటుంది. పూర్వం రిటైరైన తర్వాత బతికే ఏళ్లు తక్కువ కాబట్టి వడ్డీ తినడం చెల్లింది. మీ లెక్క మీ వయసు మీద కూడా కాదు, మీ ఆవిడ వయసు మీద వేయాలి. మీరు రిటైరయ్యే నాటికి ఆమెకు 54. ఆమె 88 దాకా ఉంటుందనుకుంటే, డబ్బు 34 ఏళ్లు నడవాలి. మీ తర్వాత ఈపీఎస్ పింఛనులో ఆమెకు వచ్చేది సగమే.

34 ఏళ్లు నడవాలంటే ఎంత కావాలి? డబ్బు ధరలకన్నా ఒక శాతం ఎక్కువ పెరిగితే 2 కోట్ల 10 లక్షలు, రెండు శాతం ఎక్కువ పెరిగితే కోటీ 80 లక్షలు. రెండు కోట్లు అని గుర్తు పెట్టుకోండి. ఈ అంకె చూసి కాగితం మడిచి పెట్టేయకండి, దీన్ని అందుకునే దారి ఉంది.

ముందు ఎఫ్‌డీ సంగతి. పదేళ్ల తర్వాత కూడా 7 శాతమే ఇస్తారని మీరెలా అనుకున్నారో తెలియదు. 2025 ఒక్క ఏడాదిలోనే రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25కు తగ్గించింది, దాని వెంటే డిపాజిట్ల వడ్డీ దిగింది. 2020-21లో స్టేట్ బ్యాంకు అయిదేళ్ల డిపాజిట్ మీద మామూలు ఖాతాదారులకు 5.4 శాతం ఇచ్చింది, ఆ ఏడాది ధరలు సగటున 6.2 శాతం పెరిగాయి. భద్రంగా బ్యాంకులో వేసినవాళ్లు ఆ ఏడాది భద్రంగానే నష్టపోయారు. బ్యాంకు వద్దని చెప్పడం లేదు. దగ్గర్లో అవసరమయ్యే డబ్బుకు అది సరైన చోటు. ముప్పై ఏళ్ల తర్వాతి డబ్బుకు కాదు.

మీ మిత్రుడి సలహా గురించి ఒక్క మాటే చెబుతాను. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు దగ్గర 12కో 14కో దొరికే అప్పును వదిలి 24కు తీసుకునే మనిషికి బ్యాంకు ఎందుకు ఇవ్వలేదో ఆలోచించండి. మొదటి ఏడాది వడ్డీ నెలనెలా వస్తుంది. ప్రామిసరీ నోటు పట్టుకుని కోర్టు చుట్టూ తిరిగే ఓపిక 65 ఏళ్ల వయసులో ఉంటుందా? వద్దు.

ఇక చేయాల్సిన పనులు. జీతంలో ఇంటి ఖర్చు, చీటీ, పాప ఫీజు, పాలసీ ప్రీమియంలు పోను మీకు ఎనిమిది వేలో పదివేలో మిగులుతుండాలి. ఈ నెల నుంచి పదివేలు పక్కన పెట్టండి, కాస్త బిగించయినా సరే. చీటీ అయిపోగానే మళ్లీ కొత్త చీటీ ఎత్తకుండా ఆ పదివేలూ ఇందులో కలపండి. చీటీ మీద నాకు కోపమేమీ లేదు, అత్యవసరానికి డబ్బు దొరికే మంచి ఏర్పాటే. కానీ చట్టం ప్రకారమే చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు. పాట పాడకుండా చివరిదాకా ఆగినవాళ్లకు కూడా చివరికి మిగిలేది బ్యాంకు వడ్డీకి అటూఇటూగానే ఉంటుంది. రెండేళ్లలో పాప చదువు అయిపోతే ఫీజు డబ్బు మరో పదివేలు. అంటే మూడో ఏడాదికి నెలకు 30 వేలు. అక్కడి నుంచి ఏటా జీతం పెరిగినప్పుడల్లా దీన్ని 10 శాతం పెంచండి.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలి? సగం వీపీఎఫ్‌లో. హెచ్‌ఆర్ వాళ్లకు ఒక లెటర్ ఇస్తే జీతంలోంచే అదనంగా కోసి పీఎఫ్‌లో వేస్తారు. కొన్ని కంపెనీల్లో ఏప్రిల్‌లోనే ఒప్పుకుంటారు, ముందే అడగండి. 2024-25కు ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఇంత భద్రంగా ఇంత ఇచ్చేది మీకు ఇంకొకటి దొరకదు. మీ వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, దాటిన దాని వడ్డీకి పన్ను పడుతుంది. ఇప్పటికి మీరు ఆ గీతకు దూరంలోనే ఉన్నారు, ఏటా పెంచుకుంటూ పోయేటప్పుడు మాత్రం చూసుకోండి. మిగతా సగం నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లో, నెలనెలా కట్టే సిప్‌గా. షేర్లంటే మీకు భయమని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, అన్ని ఆస్తుల జాబితాలో ఒక్క ఫండు కూడా లేకపోవడం చూస్తే అనిపిస్తోంది. భయం అకారణం కాదు. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లరకు పడింది. 2020 జనవరిలో 12 వేలు దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. అందుకే మూడు నుంచి అయిదేళ్లలో కావలసిన రూపాయి అక్కడ ఉండకూడదు. మీకు పదేళ్లుంది, ఆ తర్వాత మరో ముప్పై ఏళ్లుంది. ధరలను మించి పెరిగే అవకాశం ఉన్నవాటిలో మీ స్థాయి మనిషికి తేలిగ్గా అందేది అదే.

రెండూ కలిపి సగటున 9 శాతం వేసినా పదేళ్లకు 64 లక్షలు పోగవుతుంది. చీటీ ద్వారా వచ్చే 5 లక్షలను ముట్టుకోకుండా ఇలాగే పెట్టుబడి పెడితే 10 లక్షలు. పీఎఫ్, ఎఫ్‌డీలు, పాలసీలు కలిపి మీ లెక్కలోని 88 ఎలాగూ ఉన్నాయి. మొత్తం కోటీ 62 లక్షలు.

ఇంకా తగ్గుతోంది కదా అంటారు. ఇక్కడ అందరికీ ఇష్టంలేని మాట ఒకటి చెప్పాలి. 58కి కంపెనీ పంపేసినా, మరో రెండేళ్లు ఇంటి ఖర్చు మేరకైనా సంపాదించండి. మీ రంగంలో అది కష్టం కాదు. ఆడిట్లకు, డాక్యుమెంటేషన్‌కు అనుభవమున్న క్యూసీ మనిషిని చిన్న కంపెనీలు పిలుస్తూనే ఉంటాయి. ఆ రెండేళ్లు నిధిని ముట్టుకోకపోతే 7 శాతం చొప్పునే కోటీ 85 లక్షలు అవుతుంది. అప్పటికి ధరలు కూడా పెరుగుతాయి గనుక 60వ ఏట కావలసింది కోటీ 95 నుంచి రెండుంపావు కోట్ల మధ్య. లోటు పది నుంచి నలభై లక్షలు. దానికే ప్లాటు. ప్లాటు ఆస్తే గాని మందుల షాపువాడికి ఇవ్వడానికి అందులోంచి పది గజాలు కోసి ఇవ్వలేం. అందుకని ఏ వయసులో అమ్ముతారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. నన్నడిగితే 60కి ముందే. హద్దు రాళ్లు, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి ఇప్పుడే సరిచూసుకోండి. అమ్మేటప్పుడు వెతుక్కుంటే కొనేవాడు ధర తగ్గిస్తాడు.

పాప పెళ్లి గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఈ వయసులో పీఎఫ్‌కు చిల్లు పడేది అక్కడే. ఈరోజు 10 లక్షలు తీస్తే, రిటైర్మెంటు నాటికి తగ్గేది 10 కాదు, 21 లక్షల పైనే. పెళ్లికి ఎఫ్‌డీలోంచి ఇంత అని ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. ఎఫ్‌డీ తీసినా నా లెక్కలోని 23 ఆ మేరకు తగ్గుతుంది, అది మరిచిపోకండి. అయినా పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఎల్ఐసీ పాలసీలు ఎండోమెంట్ రకం, అంటే బీమా, పొదుపు కలిసినవి అయి ఉంటాయి. వాటి రాబడి ధరల పెరుగుదలను దాటడం అరుదు. అలాగని సగంలో సరెండర్ చేస్తే నష్టం ఖాయం. ఇక ప్రీమియం కట్టడం ఆపేస్తే గడువుకు వచ్చే పెయిడప్ విలువ ఎంతో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. నాలుగైదేళ్లలో ముగిసేవైతే కట్టేయండి. కొత్తవి మాత్రం తీసుకోవద్దు.

కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా రిటైరైన రోజుతో ఆగిపోతుంది. 58 ఏళ్లకు, షుగరో బీపీయో వచ్చాక కొత్త పాలసీకి వెళితే ప్రీమియం ఎక్కువ. అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాలని అంటారు. ఇప్పుడే ఇద్దరికీ సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు. 70 దాటాక ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల కవరేజీ ఉంది. అది అదనంగా ఉండనివ్వండి, దాన్నే నమ్ముకోవద్దు. ద్రవ్యోల్బణం గురించి నేను వేసిన లెక్కలన్నిటినీ ఒక్క ఐసీయూ బిల్లు తుడిచేయగలదు కాబట్టి, సిప్ కన్నా ముందు ఈ పని చేయండి. మొదటి నెల పదివేలు ప్రీమియానికే పోయినా ఫరవాలేదు.

రిటైరయ్యాక డబ్బును ఎలా విడదీయాలో అప్పుడు రాస్తే వివరంగా చెబుతాను. ఇప్పటికి ఇంత చాలు. మూడేళ్ల ఖర్చు బ్యాంకులో ఉంచండి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేయొచ్చు. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, అంటే 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500. వేసిన రోజు రేటే అయిదేళ్లు ఉంటుంది. అందులో చేరే వయసు 60 అయినా, పదవీ విరమణ పొందినవాళ్లు 55 దాటితే చేరొచ్చు. కాకపోతే రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపే వేయాలి, ఆ గడువు దాటితే 60 దాకా ఆగాల్సిందే. మూడింట ఒక వంతు మాత్రం ఫండ్లలోనే పెరగనివ్వండి, అది మీ 70 తర్వాతి డబ్బు. యాన్యుటీ, అంటే ఒకేసారి డబ్బు కట్టించుకుని పింఛనిచ్చే పథకం, అమ్మడానికి వచ్చే ఏజెంటు జీవితాంతం స్థిరమైన ఆదాయం అంటాడు. అరవయ్యో ఏట వచ్చిన అదే మొత్తం ఎనభయ్యో ఏటా వస్తుంది. ఏటా 3 శాతం పెరిగే రకాలూ ఉన్నాయి గాని మొదట్లో తక్కువ ఇస్తారు, ఆ 3 శాతం కూడా మొదటి మొత్తం మీదే వేస్తారు. ధరలతో పాటు వడ్డీ పెంచే బాండ్లు 2013 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ద్వారా జనానికి అమ్మకానికి వచ్చాయి, ఎవరూ పెద్దగా కొనలేదు. మన అవసరానికి అంత సూటిగా సరిపోయే పథకం మళ్లీ రాలేదు. వస్తే మాత్రం వదలకండి.

మీ ఆవిడను పద్దు పుస్తకంలో ఒక పేజీ విడిగా పెట్టమనండి. పాలు, బియ్యం, కరెంటు, గ్యాసు, మందులు, ఈ అయిదింటి మీద ఏటా జనవరిలో ఎంతవుతోందో రాసుకుంటూ వెళితే, మీ ఇంట్లో ధరలు ఎంత పెరుగుతున్నాయో సూచీ కన్నా బాగా తెలుస్తుంది. నేను వేసిన 6 శాతం మీ ఇంట్లో 7 అయితే, రెండు కోట్ల అంకెను రెండేళ్లకోసారి సవరించుకోవాలి.

చివరగా, మీ 35 వేల ఖర్చులో ఇంటి అద్దె ఉందో లేదో రాయలేదు. సొంతిల్లే అనుకుని ఈ లెక్కంతా వేశాను. అద్దె ఇల్లయితే ప్లాటు అమ్మకం, 58 తర్వాత ఉద్యోగం, అన్నీ మళ్లీ చూడాలి. అద్దె ఎంతో, ఆ ఊళ్లోనే స్థిరపడతారో సొంతూరు వెళతారో రాస్తే ఆ లెక్క విడిగా వేసి పంపుతాను.